అన్నాల వేళ ఊరుకున్న సాఫ్ట్‌వేర్

మా ఇంటి కింది వాటాలో జిరాక్స్ షాపు ఉంది. కరెంటు పోయినప్పుడల్లా అక్కడి యూపీఎస్ కీచుకీచుమని అరుస్తుంది. ఆ చప్పుడు చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోతుంది, ఫోన్ కోసం. ఉద్యోగం విడిచి ఏళ్లయినా ఆ సంగతి చేతికి ఇంకా తెలియలేదు. ఒకప్పుడు సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊళ్లో నెట్‌వర్క్ పడిపోయినా దేవుడికంటే ముందు నాకు తెలిసేది. ప్రపంచంలో ఉన్న మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లన్నిటినీ వరసగా నిలబెట్టి, అంగడిలో ఎద్దు పళ్లు చూసినట్టు చూసి, ఒక్క చూపుతో మంచిదాన్ని పట్టినవాణ్ని నేను.

ఇంతవరకు చదివి నన్ను పొగడకండి. ప్రపంచంలోవన్నీ కాదు, మూడు. ఒక్క చూపుతో ఎంచిన మాట మాత్రం నిజమే. కాకపోతే నేను ఎంచింది పనికిరానిది. మంచిదాన్ని ఎంచింది మా సరళ మేడం.

మాది విత్తనాలు, ఎరువులు అమ్మే కంపెనీ. పెద్దాఫీసు సిద్దిపేటలో, షాపులు చేర్యాల, ధూళిమిట్ట, నారాయణరావుపేటలాంటి చోట్ల. కంప్యూటర్లు చూసుకునే జట్టులో ముగ్గురం: మేడం, నేను, కొత్తగా చేరిన పద్మ. మేడం నాకన్నా బాగా చిన్నవారు, చేనేత ఇంటి ఆడపడుచు. కొంగు నడుముకు దోపి, బల్ల కిందికి దూరి తానే వైర్లు సర్దేవారు. నేను బల్ల పైనుంచి సలహాలిచ్చేవాణ్ని.

ఒక వానాకాలం, విత్తనాల అదునులో, చేర్యాల షాపుకు లైను పోయింది. బిల్లు కాదు, సంచి కదలదు. వానలో నిలబడ్డ రైతులు తిట్టుకుంటూ ఎదురుషాపుకు పోయారు. ఆ సంగతి మాకు చెప్పింది మా సేటు. ఆయనకు చెప్పింది షాపు మేనేజరు. సేటు మా గదిలోకి వచ్చి, కూర్చోకుండానే అన్నాడు: "ఇంకోపారి మీకంటే ముందుగాల నాకు తెలిసిందనుకో, మీ ముగ్గురి లెక్క సాఫ్. పని హైదరాబాదోళ్లకు ఇచ్చేస్త." పద్మ ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. నాకా, ఆ వయసులో కొత్త కొలువు ఎవరిస్తారు?

అలా మొదలైంది, లైను పోగానే మాకు చెప్పే సాఫ్ట్‌వేర్ కోసం వెతుకులాట. మూడింటిని కొన్నాళ్లు వాడి చూడడానికి తెప్పించాం. మొదటిదానికి గోడంత పటం. ఊరూరికీ ఆకుపచ్చ చుక్క. ఏదైనా పడిపోతే అది ఎర్రబడి, ఫోన్‌కు టింగుమని మెసేజ్ వచ్చేది. రెండోది ఉచితం కానీ ప్రతిదీ మనమే రాసుకోవాలి, వండుకున్నవాడికే తిండి. మూడోది చూడ్డానికి పాత బస్టాండు బోర్డులా ఉండేది. నేను పటం మీద మనసు పారేసుకున్నాను. సేటును పిలిచి మరీ చూపించాను. "విమానాలు నడిపేటోళ్ల ఆఫీసు లెక్కున్నది" అన్నాడాయన.

మేడం వచ్చి చూశారు. "బాగున్నది సత్తన్నా. ఇది సేటుకు చూపెట్టేదా, మనకు చెప్పేదా?"

"రెండూ చేస్తది మేడం."

"మన షాపులోళ్లు అన్నం ఎప్పుడు తింటరో దీనికి ఎరుకేనా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "పోయి అడిగి రాండ్రి. బస్సుకు పోండ్రి. ఫోన్ల అడిగితే నిజం చెప్పరు."

గొణుక్కుంటూ పోయాను. ధూళిమిట్ట షాపులో కొమురయ్య నా ఎదుటే మెయిన్ దించేసి, తాళం చెవి తీశాడు.

"గిదేంది కొమురన్నా! నెట్టు బందైతది గద?"

"అన్నానికి పోతున్న సారూ. మనిషి లేని జాగల కరెంటెందుకు? ఉరుముతున్నది, మిషన్ కాలితే నన్నే అంటరు."

నారాయణరావుపేటలోనూ అదే ఆచారం. అందుకే రోజూ మధ్యాహ్నం నా పటానికి తట్టు పోసినట్టయ్యేది. రూటర్ పోయింది, ప్రింటర్ పోయింది, కెమెరా పోయింది అంటూ ఫోన్ ఒకటే మోత. దానికి నేను గొప్ప ఉపాయం కనిపెట్టాను: ఫోన్ సైలెంట్‌లో పెట్టి టిఫిన్ డబ్బా తెరవడం.

మేడం మాత్రం నేను మోసుకొచ్చిన వేళలన్నీ మూడోదాంట్లో ఎక్కించారు. ఫలానా షాపు ఫలానా వేళ మూసి ఉంటుంది, అప్పుడు పలకొద్దు. రూటరే పోతే దాని వెనకున్న వాటి ఊసెత్తొద్దు.

"ఇంత మూగదైతే ఎట్ల మేడం?"

ఆమె స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "మా ఇంట్ల మగ్గం పొద్దంత మోగుతనే ఉండేది. తెగిన పోగు మాత్రం అరవది సత్తన్నా. పోగు తెగిందంటే బాపు చెయ్యి ఆగేది. మనకు గట్ల చెయ్యి ఆపేది గావాలె."

ఆ వానాకాలంలోనే, ఎరువుల కోసం రైతులు వరసకట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పప్పుచారు కలుపుకుంటున్నాను. జేబులో నా ఫోన్ పటం మెసేజ్‌లతో వణుకుతోంది, మామూలే అనుకున్నాను. మేడం ఫోన్ ఒక్కసారి మోగింది. ఒకే ఒక్క మెసేజ్: చేర్యాల లైను లేదు. చేర్యాలలో అదును రోజుల్లో మెయిన్ దించరు, వంతులవారీగా తింటారు. నేనే అడిగొచ్చిన సంగతది. మేడం చేతిలో ముద్ద వదిలేసి ఎడమచేత్తో ఫోన్ కలిపారు. "షాపు ముందర జనమున్నరా? సరే, మీ ఫోన్ల హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటర్‌కు కలుపుండ్రి. ఎట్లనో పద్మ చెప్తది."

మోరీ కాలవ కోసం తవ్వుతుంటే వైరు తెగిందట. బిల్లులు మళ్లీ నడిచాక సేటుకు మేడమే చెప్పారు. ఆయన గడ్డం గోక్కుని, "ముందుగాల మీకే తెలిసిందన్నట్టు" అని వెళ్లిపోయాడు. పద్మ నా డబ్బాలోంచి అప్పడం లాక్కుని కరకరా నమిలింది. తర్వాత చూసుకుంటే నా ఫోన్‌లోనూ చేర్యాల ఉంది, ధూళిమిట్ట ప్రింటర్‌కూ నారాయణరావుపేట కెమెరాకూ మధ్య ఇరుక్కుని.

మేడం ఇప్పుడు లేరు. ఆ కుర్చీలో పద్మ కూర్చుంటోంది. నాకు మిగిలింది ఒక అలవాటు: ఎవరితో పని పడినా, ముందు వాళ్లుండే చోటికి పోయి వాళ్లు ఎప్పుడు తింటారో కనుక్కుంటాను. నోరు మూసుకోవడం తెలిసిన సాఫ్ట్‌వేర్‌ను ఎంచబట్టే మా ముగ్గురి కొలువులు నిలిచాయని కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాను.

ఇదంతా రాసి మొన్న పద్మకు చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను.

"అన్నాల వేళ చెప్పి పెట్టుకునే సౌలత్ మీ పటం దాంట్ల గూడ ఉండె సారూ. మీరు ఆ పేజీ తెరిచి చూడలే."

"మరి మేడం మూడోదే ఎందుకు కొన్నట్టు?"

"పటం గోడకుంటే సత్తన్న కుర్చీల నుంచి లేవడని. నా ముందరనే అన్నది."