తడుస్తున్న రాక్షసుడు

మొన్న ఆదివారం సాయంత్రం, అయిదు దాటింది. మబ్బు కమ్మేసి సన్నగా వాన మొదలైంది. కరెంటు లేదు. ఆ కాసేపట్లో నా ప్రాణం పోయి వచ్చింది. పరువు మాత్రం పోయింది పోయినట్టే ఉంది.

మా చిన్నది సుజాతకి ఎనిమిదేళ్లు. నర్సీపట్నం బస్ కాంప్లెక్స్ దగ్గర అద్దె పుస్తకాల షాపులోంచి వాళ్ల నాన్న ఓ కథల పుస్తకం తెచ్చారు. అందులో రాకుమారుడు కొండెక్కి రాక్షసులందర్నీ చంపేస్తాడు. మధ్యాహ్నం అన్నం పెడుతుంటే మొదలెట్టింది.

"వాళ్లేం చేశారమ్మా?"

రాక్షసులు కదా, మనుషుల్ని తింటారు అన్నాను. ఈ కథలో ఎవర్నీ తినలేదట. నిద్రపోతుంటే మీద పడ్డాడట. ఉయ్యాల్లో ఉన్న పిల్ల రాక్షసుల్నీ వదల్లేదట.

"అంతమందిలో ఒక్కళ్లూ మంచోళ్లు లేరా? ఇది రాసినాయన ఒక్క రాక్షసుణ్ణయినా అడిగేడా?"

ముద్ద కాస్త పెద్దది చేసి దాని నోట్లో పెట్టేశాను.

సాయంత్రం వాన పడుతోందని పిలిస్తే పిల్ల పలకలేదు. పెరట్లో లేదు, పక్కింట్లో లేదు. మలుపులో ఎస్టీడీ బూత్ అబ్బాయి చూడలేదన్నాడు. మా అత్తగారు అరుగు మీంచి, "గుంట ఏదమ్మా? బేగి సూడు, సింతపల్లి బస్సులు ఆ రోడ్డంటే పోతాయి" అన్నారు. ధైర్యం చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

మిగిలింది ఎదురుగా రమణమ్మగారు కట్టిస్తున్న ఇల్లు. వానకి పనివాళ్లు వెళ్లిపోయారు. గుమ్మంలో నిలబడి పిలిచాను. మేడమెట్ల మీద, చీకట్లో, కొమ్ములు కనబడ్డాయి. తర్వాత కోరలు. వేలాడే ఎర్ర నాలుక. ఒక్కో మెట్టూ దిగి నా వైపే వస్తోంది.

నేను పెట్టిన కేక బూత్ దాకా వినబడిందట. వెనక్కి పరుగెత్తి, ఇటుకలు నానబెట్టే తొట్టిలో కూలబడ్డాను.

"అమ్మా, నేనే" అంది రాక్షసుడి వెనకనుంచి సుజాత.

కొత్తింటికి దిష్టి తగలకుండా ముందు వేలాడదీసిన బొమ్మ అది. "తడిసిపోతున్నాడమ్మా, రంగు కారిపోతోంది. ఇల్లు కాసేది ఆయన. ఆయన్నే వాన్లో వదిలేస్తే ఎలా?"

మేడ మీదికెక్కి తాడు పట్టుకుని పైకి లాగిందట. ఆ మేడకి పిట్టగోడ ఇంకా కట్టలేదు. బోర్లా పడుకునే లాగానమ్మా అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. తొట్టిలోంచి లేవకుండానే పిల్లని గట్టిగా పట్టుకున్నాను.

వీధి వీధంతా చేరింది. గృహప్రవేశం కాకుండా దిష్టిబొమ్మ దింపితే ఎవరూరుకుంటారు? రమణమ్మగారికి దణ్ణం పెట్టబోయాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నారు:

"మాకింక బొమ్మెందుకండీ. మీరు రోజూ ఓసారొచ్చి అరిస్తే సాలు, ఏ దిష్టీ ఇటు తొంగి సూడదు."

రాక్షసుణ్ణి ఈసారి వాన పడకుండా సన్‌షేడ్ కింద కట్టించారు. అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పారు, పిల్లకి ఒకసారి, నాకు రెండుసార్లు.

దీపాలు పెట్టాక లెక్క చూసుకున్నాను. పిల్ల వచ్చింది, ఒంటిమీద గీత లేకుండా. వాళ్ల నాన్న వచ్చారు, అంతా అయిపోయాక. రాక్షసుడు క్షేమం. నేనూ వచ్చాను, ఒక చెప్పుతో.