ప్రమాదకర జాతుల బోర్డు

కరోనా తర్వాత బడులు మళ్లీ పూర్తిగా తెరిచిన సంవత్సరం, నవంబరు నెలలో నన్ను జీవవైవిధ్య సంచార ప్రదర్శనకు క్యాంపు ఇన్‌చార్జిగా వేశారు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఇదీ వరస. నా అసలు హోదా సీనియర్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్. అంటే మ్యూజియంలో వస్తువుల పక్కన నిలబడి అవేమిటో జనానికి చెప్పే మనిషిని. క్యాంపు ఇన్‌చార్జి అంటే అదే పని బస్సులో చెయ్యడం, పైగా ఆ బస్సులో ఏం జరిగినా జవాబు చెప్పుకోవడం.

బస్సులో సీట్లు తీసేసి, రెండు వైపులా బోర్డులు బిగించారు. ముందు తలుపున ఎక్కి, చూసుకుంటూ వెళ్లి, వెనక తలుపున దిగాలి. ప్రతి బోర్డు కిందా ఒక బటన్ ఉండేది, నొక్కితే దీపం వెలిగేది. పిల్లలకు ప్రకృతి మీదున్న ప్రేమంతా ఆ బటన్ మీదే కురిసేది.

బోర్డులు ఎలా తయారవుతాయో చాలామందికి తెలియదు. హెడ్డాఫీసులో ఒక కమిటీ ఇంగ్లీషులో రాస్తుంది. దాన్ని ఒక ఏజెన్సీ తెలుగు చేస్తుంది. ఆ తెలుగును తెలుగు రాని ఒక అధికారి తనిఖీ చేస్తాడు. ఆయన చూసేది ఒక్కటే, అక్షరాలు గడిలో పట్టాయా లేదా అని. మా అక్షరాలు చక్కగా పట్టాయి. అందుకే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ప్రాణులను చూపించే చివరి బోర్డు మీద, ఎర్రటి పెద్ద అక్షరాలతో ‘ప్రమాదకర జాతులు’ అని అచ్చయింది. కింద నక్షత్ర తాబేలు, సముద్రపు తాబేలు, రాబందు, నీటికుక్క, ఇంకా బావురుపిల్లి ఫొటోలు. బావురుపిల్లి అంటే చేపలు పట్టుకు తినే అడవిపిల్లి. ఏజెన్సీ దానికి ‘మత్స్య మార్జాలం’ అని నామకరణం చేసింది. బటన్ నొక్కితే వీటన్నిటి వెనకా ఎర్రదీపం వెలిగేది. పోలీసు స్టేషన్లో పాత నేరస్థుల ఫొటోలకు కూడా అంత మర్యాద జరగదు.

తెనాలిలో బస్సు ఆగగానే డిప్యూటీ డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. మా ఆఫీసులో సంచార ప్రదర్శనలన్నీ ఆయన చేతి కిందే ఉండేవి. ఆమోదం పొందిన బోర్డును మార్చాలంటే స్క్రిప్టు కమిటీ కూర్చోవాలన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందని అడిగితే, కూర్చున్నప్పుడు తెలుస్తుందన్నారు. అందాకా నోటితో సరిచేసి చెప్పమన్నారు. నేనూరుకోలేక, ‘ప్రమాదంలో ఉన్న జాతులు’ అని చేత్తో రాసి తప్పు మీద అంటించాను. మర్నాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరు దాన్ని గోటితో గీకి తీసేసి, ఎగ్జిబిట్‌ను పాడుచెయ్యడం క్రమశిక్షణా రాహిత్యం అని సెలవిచ్చారు.

ఇక నోరే దిక్కు. కానీ వెనక తలుపు దగ్గర పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దిగుతుంటే ఎవరు వింటారు? అభిప్రాయాల పుస్తకంలో ఒక అమ్మాయి ‘చాలా భయం వేసింది, బాగుంది’ అని రాసింది. ఆ ముక్క చదివి వినిపిస్తే డిప్యూటీ డైరెక్టరు గారు తెగ సంబరపడిపోయారు. ప్రభావం కనిపిస్తోందన్నారు.

బాపట్లలో ప్రభావం ఇంకా పెరిగింది. సూర్యలంక వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, నన్ను పక్కకు పిలిచింది.

“ఏంటమ్మా, తాబేలు కరుస్తుందా? వల్లో పడితే మావాళ్లు ఎత్తుకెళ్లి నీళ్లల్లో వదిలేస్తారే! ఇన్నాళ్లూ ఒక్కళ్లూ చెప్పలేదేంటమ్మా?”

కరవదమ్మా, మీవాళ్లు చేస్తున్నదే మంచిపని అని చెప్పి పంపాను. ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా వెళ్లినవాళ్లు తాబేళ్ల గురించి ఏం నేర్చుకున్నారో నాకు తెలియదు.

రేపల్లెలో ఒక హైస్కూలు మైదానంలో బస్సు పెట్టాం. రెండోరోజు పొద్దున్నే మా డ్రైవరు మస్తాన్ టీకొట్టు నుంచి గ్లాసు చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. మస్తాన్‌ది తెనాలి. ఏ ఊళ్లో బస్సు ఆపినా గంటలో అక్కడి కబుర్లన్నీ పట్టుకొచ్చే మనిషి.

“మేడమ్, కాలవ కింద ఊళ్లో మన బోర్డు మీది జంతువును పట్టుకున్నారంటండి. చేపల చెరువు దగ్గర బోనులో పడిందంట. కొట్టి చంపేస్తామంటున్నారండి!”

అటవీశాఖకు ఫోన్ చేస్తే, బయలుదేరుతున్నామని, ఈలోగా జనాన్ని దగ్గరికి రానివ్వొద్దని చెప్పారు. రానివ్వకపోవడానికి అక్కడున్నది ఎవరు? రాతపూర్వక ఉత్తర్వు లేనిదే బస్సు మైదానం దాటకూడదు కనుక, ఆటో మాట్లాడుకుని ఇద్దరం వెళ్లాం.

చెరువు గట్టు మీద తిరునాళ్లలా ఉంది. కర్రలున్నాయి, ఒకరి చేతిలో గడ్డపార కూడా ఉంది. బోనులో బావురుపిల్లి ఒక మూలకు నక్కి, ఒళ్లంతా బురదతో, పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది. ముందుకాలు చీరుకుపోయింది. ముప్పయ్యేళ్లకు పైగా ఫొటోల్లో చూపించిన ప్రాణిని బతికుండగా అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

చెరువు కౌలుకు చేస్తున్న కోటేశ్వరరావు చాలా మర్యాదస్థుడు. కుర్చీ తెప్పించి కూర్చోమన్నాడు. బావురుపిల్లి ఈ ఊరికి కొత్త కాదని, రాత్రిపూట వచ్చి ఒకటో రెండో చేపలు ఎత్తుకుపోతుందని, కేకేస్తే పారిపోతుందని, ఎప్పుడూ పట్టించుకోలేదని చెప్పాడు. ముందురోజు మా బస్సెక్కి చూశాకే దాని సంగతి తెలిసిందట. వెంటనే బోను పెట్టించాడట. జేబులోంచి సెల్లు తీసి, మా బోర్డు ఫొటో నా ముందు పెట్టాడు.

“ఇది మీ బస్సులోదే కదండి?”

అవునన్నాను. కానీ ఆ మాట తప్పని, ప్రమాదం దాని వల్ల కాదని, దానికే ప్రమాదమని వివరించబోయాను. ఆయన పూర్తిగా విని, నెమ్మదిగా అడిగాడు.

“తప్పయితే మరి ఎందుకు పెట్టారండి?”

నా సర్వీసులో అంత సూటి ప్రశ్న ఏ అధికారీ వెయ్యలేదు. స్క్రిప్టు కమిటీ ఇంకా కూర్చోలేదని ఆ గట్టు మీద చెప్పగలనా? వెనక నుంచి ఎవరో, “గవర్నమెంటోళ్లే రాసి, గవర్నమెంటోళ్లే కాదంటే ఎట్టా?” అన్నారు. గడ్డపార మనిషి బోను వైపు రెండడుగులు వేశాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. పిల్లి మీద కాదు, జనం మీద కూడా కాదు. ఆ కోపంలోనే కుర్చీలోంచి లేచి అరిచాను.

“సరేనండి, బోర్డు కరెక్టే! ఇది ప్రమాదకర జాతే. ఎవరికి ప్రమాదమో తెలుసా? దీన్ని చంపినవాడికి! వన్యప్రాణి చట్టంలో పులి ఏ షెడ్యూల్లో ఉందో ఇదీ అందులోనే ఉంది. చచ్చిందంటే కర్ర పట్టుకున్న ప్రతివాడూ జైల్లో ఉంటాడు. బోను పెట్టినాయన అందరికంటే ముందు ఉంటాడు. అందుకే ఎర్రక్షరాలతో రాశారు!”

చట్టం గురించి చెప్పింది నిజమే. ఎర్రక్షరాల గురించి చెప్పింది పచ్చి అబద్ధం. కర్రలు ఒక్కొక్కటే గడ్డిలోకి జారాయి. గడ్డపార తెచ్చినాయన అది తనది కాదని నాతో ప్రత్యేకంగా చెప్పాడు. కోటేశ్వరరావు స్వయంగా గోనెపట్టా తెచ్చి బోను మీద ఎండ పడకుండా కప్పాడు. అప్పటిదాకా మృగమైనది కాస్తా అటవీశాఖ వాళ్లొచ్చేసరికి ఆ ఊరి అల్లుడైపోయింది. కాలికి కట్టు కట్టించి, మడ అడవుల్లో వదిలేశామని సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు.

ఆటో ఎక్కుతుంటే కోటేశ్వరరావు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“అమ్మా, ‘చంపితే జైలు’ అని రాయొచ్చు కదండి? మాకు తేలిగ్గా అర్థమవుద్ది.”

ఆ సూచనతో సహా జరిగిందంతా నివేదిక రాసి పంపాను. జైలు ప్రస్తావన ప్రదర్శన తాలూకు సానుకూల దృక్పథానికి సరిపడదని జవాబొచ్చింది. ఉన్న బోర్డు వల్లే ఒక అరుదైన జంతువు ప్రాణం దక్కింది కనుక మార్పు అవసరం లేదని కమిటీ అభిప్రాయపడిందట. మొత్తానికి కమిటీ కూర్చుంది.

ఆ క్యాంపు నాకు నేర్పింది ఇంతే. ఏ ప్రాణినైనా కాపాడాలంటే ముందు దాని గురించి మాట సరిగ్గా రాయాలి. రాయనివ్వకపోతే, తప్పుగా రాసినదాన్నే సరిగ్గా చదివి వినిపించాలి. రిటైరయ్యేదాకా ఆ ఎర్రదీపం పక్కనే నిలబడి, ఎక్కిన ప్రతివాడికీ చదివి వినిపించాను.