తొమ్మిది వందల ఎనభై అయిదు కిలోమీటర్లు

తాండూరు నుంచి బయలుదేరి అనంతగిరి, బీదర్, గుల్బర్గా, బీజాపూర్, బాదామి, హంపి, రాయచూర్ మీదుగా మళ్ళీ తాండూరు చేరడానికి తొమ్మిది వందల ఎనభై అయిదు కిలోమీటర్లు. ఊళ్ళలో తిరిగేది ఇందులో లేదు. ఈ లెక్క నేను వేసింది. వేసేటప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ళు, మా ఆయనకు డెబ్భై రెండు.

మాకు తాండూరులో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు లీజుకిచ్చాం. ముప్పై ఒక్కేళ్ళు నేను ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో కూర్చుని లారీలకు ట్రిప్ చిట్టీలు రాశాను. ఏ లారీ, ఎంత లోడు, ఏ ఊరికి, ఏ దారిన, ఎన్ని కిలోమీటర్లు, ఎప్పటికి చేరాలి. డ్రైవరు చిట్టీ జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. తిరిగొచ్చాక మీటరు అంకె చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. సేడం దగ్గర రోడ్డు ఎక్కడ తెగిందో, బీజాపూర్ బైపాసు ఎన్నో మైలు దగ్గర మొదలవుతుందో నాకు ఇంట్లో గదులు తెలిసినట్టు తెలుసు. ఆ దారుల్లో వేటి మీదా నేను పోలేదు. బీదర్ మాకు నూట ముప్పై అయిదు కిలోమీటర్లు. బీదర్ కూడా చూడలేదు.

జూన్ నెలలో ఆయన మోటార్ సైకిల్ కొన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఒకటి ఉండేది, ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అమ్మేశాడు. ఆ కోరిక అట్లాగే ఉండిపోయినట్టుంది. కొన్న రోజు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, నన్ను వెనక ఎక్కించుకుని రైల్వే స్టేషను దాకా ఒక చుట్టు తిప్పాడు. స్టేషను ముందు ఆపి వెనక్కి తిరిగి అన్నాడు:

"ఏమే, గిట్లనే హంపి దాంక కూసుంటవా?"

"కూసుంట" అన్నాను.

ఆయన నవ్వుతూ అడిగాడు. నేను నవ్వకుండా జవాబు చెప్పాను. ఆ తేడా నేను అప్పుడు పట్టించుకోలేదు.

వారం తిరగకుండా వికారాబాదులో ఉండే మా మరిది వచ్చి బండి చూసిపోయాడు. ఆయన కూడా ఒకటి కొన్నాడు. ఆయన స్నేహితులు ఇద్దరు, ఒకరు రిటైరైన హెడ్‌మాస్టరు, ఇంకొకరు ఎరువుల దుకాణం వారు, వాళ్ళకు ముందే ఉన్నాయి. నాలుగు బండ్లు అయ్యాయి. చలికాలంలో పెద్ద ప్రయాణం పెట్టుకుందాం, దారిలో కోటలూ గుళ్ళూ చూసుకుంటూ పోదాం అనుకున్నారు. ఎవరు ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో ఒక్కరికీ తెలియదు. మా ఆయన "మా ఇంట్ల మనిషి రాస్తది" అన్నాడు.

జూలైలో రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనుక్కుని మొదలుపెట్టాను. నవంబరు మూడు నాటికి పూర్తయింది. నాలుగు నెలలు.

లారీ లెక్క వేరు, మోటార్ సైకిల్ లెక్క వేరు. లారీకి ఊరు అడ్డం, ఊరి బయటి నుంచి పోతుంది. నాకు ఊరి లోపల కావాలి. బైపాసు నుంచి కోట ఎంత దూరం, కోట ఎన్ని గంటలకు తెరుస్తారు, మెట్లు ఎన్ని, మెట్లకు పట్టుకునే రెయిలింగు ఉందా. బీజాపూర్‌లో గోల్ గుంబజ్ పైకి ఎక్కితే ఇటు గుసగుసలాడిన మాట అటు వినిపిస్తుందంటారు. పైకి ఎక్కలేను, నా మోకాళ్ళు నాకు తెలుసు. కింద కూర్చోవడానికి జాగా ఉంటుందా అని కనుక్కున్నాను. ఉంటుందన్నారు. రోజుకు నూట అరవై అయిదు కిలోమీటర్లు దాటకుండా ఎనిమిది రోజులకు పంచాను. గంటన్నరకు ఒకసారి ఆగాలి, ఎందుకంటే అంతకు మించి నా నడుము కుదురుగా ఉండదు. లాడ్జీలకు ఫోను చేసి నాకొచ్చిన కన్నడంలో "కెళగె రూమ్ ఇదెయా?" అని, కింది అంతస్తులో గది ఉందా అని, అడిగాను. ఏడు లాడ్జీలకు చేస్తే నాలుగు ఉందన్నాయి.

పెట్రోలు బంకుల కోసం పాత డ్రైవర్లను పట్టుకున్నాను. ఒకాయన మా దగ్గర పద్దెనిమిదేళ్ళు నడిపినవాడు, ఇప్పుడు పెద్దేముల్‌లో ఉంటాడు. ఆయనకు ఫోను చేసి ఒక్కొక్క బంకు గురించీ అడిగాను. ఆడవాళ్ళ బాత్రూం ఉందా? నీళ్ళు వస్తాయా? తలుపుకు లోపల గొళ్ళెం ఉందా?

ఆయన నవ్వాడు. "అమ్మా, ఇన్నేండ్లు డీజిల్ సంగతి అడుగుతుంటివి, ఇప్పుడు గొళ్ళెం సంగతి అడుగుతున్నవ్. నువ్వు గూడ పోతున్నవా ఏంది?"

"పోతున్న" అన్నాను.

"మంచిగ పోయి రా అమ్మా. హుమ్నాబాద్ దాటినంక ఎడమ చేతికి వచ్చే బంకుల ఆగకు. గొళ్ళెం గాదు, తలుపే లేదు."

తనకు తెలియని విషయాలు తెలిసినవాళ్ళతో కనుక్కుని మరీ చెప్పాడు. ఆయన కోడలు ఆ దారిన పుట్టింటికి పోతుందట. అట్లా పదకొండు బంకులు తేలాయి. పుస్తకంలో ప్రతి పేజీకీ కుడివైపు ఒక గడి గీసి అందులో రాశాను: బాత్రూం ఉంది, గొళ్ళెం ఉంది. ఉంది, గొళ్ళెం లేదు. లేదు.

నవంబరు తొమ్మిదిన మిగతా ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. మిర్చి బజ్జీలు వేసి, చాయ్ పెట్టి, పుస్తకం ముందు పెట్టాను. మా మరిది పేజీలు తిప్పుతూ పోయాడు.

"వదినె, మస్తు రాసినవ్. సర్కారోళ్ళు గూడ గిట్ల రాయరు. గీ కుడిపక్క గడి ఎందుకు గని? మాకు చెట్టు చాటు సాలదా?"

హెడ్‌మాస్టరు బజ్జీ నోట్లో ఉండగానే నవ్వి దగ్గాడు. ఎరువుల దుకాణం ఆయన, "గంటన్నరకోపారి ఆగుడేంది అక్కా, గిట్లయితే హంపికి పోయేవరకు మాకు ఇంకో ఏడాది నిండుతది" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వుతున్న ఆయన ముఖం వైపే చూశాను. ఆయనకు తెలుసు కదా, సమయం చూసి ఆయనే చెప్తాడు అనుకున్నాను. చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను.

ప్రయాణం డిసెంబరు తొమ్మిదిన. నేను రెండు నూలు చీరలు వద్దనుకుని రెండు పంజాబీ డ్రెస్సులు కుట్టించుకున్నాను. నా వయసులో మొదటిసారి. దర్జీ కొలతలు తీసుకుంటూ "మనవరాలికా అమ్మా?" అని అడిగింది. కాదన్నాను. మోకాళ్ళకు పట్టీలు తెచ్చుకున్నాను. వీటిని ఆయన చూశాడు. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

ఏడో తారీకు పొద్దున పదకొండు గంటలకు ఆయన మెకానిక్ దగ్గర నుంచి బండి తెచ్చి వాకిట్లో నిలిపాడు. వెనక సీటు లేదు. అది ఉండాల్సిన చోట ఇనుప క్యారియర్ ఉంది, దానికి రెండు వైపులా రెండు పెట్టెలు.

"వెనక సీటేది?" అని అడిగాను.

"తీసేపిచ్చిన. ఎన్మిది రోజుల సామాను యాడ వెట్టాలె?"

"నేను యాడ కూసోవాలె?"

ఆయన హెల్మెట్ తీస్తున్నవాడు ఆగాడు. "నువ్వెందుకు కూసుంటవ్?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, వెక్కిరిస్తూ అనలేదు. నిజంగా తెలియక అడిగాడు. నన్ను కోసింది అదే. నేను లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి బీదర్ పేజీ తెరిచి చూపించాను.

"గీ గొళ్ళాలు ఎవరి కోసం?"

అద్దాలు పెట్టుకుని చదివాడు. "డ్రైవర్లు చెప్పింది చెప్పినట్టు ఎక్కించినవనుకున్న."

"లారీ డ్రైవరు ఆడోళ్ళ బాత్రూంల గొళ్ళెం జూస్తడా?"

"గట్లయితే నోరు తెరిచి చెప్పొచ్చు గద."

"నాలుగు నెల్లు మీ ముంగట కూసోని ఏం జేసిన మరి?"

"చిట్టీ రాస్తున్నవనుకున్న" అన్నాడు. "ముప్పై ఏండ్లు రాస్తివి. ఎన్నడన్న లారీ ఎక్కినవా? నాకేమెరుక?"

మా ఫ్యాక్టరీలో చిట్టీ రాసే మనిషి లారీ ఎక్కదు. అది ఒకరు పెట్టిన నియమం కాదు, అట్లా జరుగుతూ వచ్చింది. నేను నా ప్రయాణం రాసుకుంటున్నాననుకున్నాను. ఆయన ఇంకో లోడుకు చిట్టీ అందుకున్నాడు. మా ఇద్దరిలో తప్పు ఎవరిదో ఎన్నిసార్లు తూచినా నాకు సగం సగం రాదు. ఆయన వైపే ఎక్కువ మొగ్గుతుంది. పంజాబీ డ్రెస్సులు చూసినవాడు ఒక్క మాట అడిగి ఉండవచ్చు.

సీటు మళ్ళీ బిగించడానికి గంట పని. మెకానిక్ అర కిలోమీటరు దూరంలో ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన క్యారియర్ మీద చెయ్యి పెట్టి అన్నాడు: "నలుగురు మొగోళ్ళ నడుమ నువ్వొక్కదానివి ఏం బాగుంటదే. తమ్ముడేమంటడు. ఈపారి గాదు. ఇంకోపారి మనిద్దరమే పోదాం."

"పుస్తకం ఉండనియ్యున్రి. శుభ్రంగ ఎత్తి రాసిస్త" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాలుగు గంటలు కూర్చుని ఎనిమిది కాగితాల మీద ఎత్తి రాశాను. కుడివైపు గడి వదిలేశాను. అది లేకపోతే కాగితం మీద చాలా జాగా మిగిలింది. ఎందుకు రాసిచ్చానని మా తోడికోడలు తరువాత అడిగింది. తప్పు దారి రాసివ్వడం నాకు చేతకాదు, అసలు రాసివ్వకపోవడం చిన్నతనం అనిపించింది. అంతకు మించి పెద్ద మనసేమీ కాదు.

తొమ్మిదో తారీకు పొద్దున మరిది ఫోను చేశాడు. ఆడవాళ్ళందరూ పులిహోర పట్టుకుని కారులో అనంతగిరి గుడి దగ్గరికి రావాలట, అక్కడ టిఫిను చేసి, బొట్టు పెట్టించుకుని బయలుదేరుతారట. "నువ్వు పచ్చజెండ ఊపాలె వదినె, ప్లాను నీదే గద" అన్నాడు. మోకాళ్ళు నొప్పి అని చెప్పాను. అది అబద్ధం. ఆ రోజు నా మోకాళ్ళు ఎన్నడూ లేనంత బాగున్నాయి.

పదహారున రావాల్సినవాళ్ళు పదమూడున వచ్చారు. ఆయన బండి దిగకముందే నేను మీటరు చూశాను. వెళ్ళేటప్పటి అంకె నా దగ్గర ఉంది. తీసివేస్తే ఆరు వందల తొంభై రెండు.

"హంపి చూసిన్రా?"

"ఆ… చూసినట్టే."

"మీటరు చూడలేదంటున్నది."

చేతి తొడుగులు తీసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. బీదర్‌లో కోట బయట బండ్లు వరసగా నిలిపి ఫోటోలు దిగారు. లోపల చాలా నడవాలని తెలిసి, బూట్లు కరుస్తున్నాయని, బిర్యానీకి ఆలస్యమవుతుందని వెనక్కి తిరిగారు. గుల్బర్గాలో వాన జల్లు. బీజాపూర్‌లో హెడ్‌మాస్టరుకు జ్వరం తగిలింది. అక్కడి నుంచి సేడం దారిన నేరుగా ఇంటికి.

"గోల్ గుంబజ్‌ల మాట ఇనవడుతదా?"

"బయటి నుంచే చూసినం. పెద్దగుంది."

ఆ ఫోటోలు మా చుట్టాలందరి ఫోన్లలోకీ పోయాయి. కింద "హంపి రైడ్" అని రాసుకున్నారు. ప్లాను మా మరిదిదని కూడా రాశారు. దాని మీద నేను మాట్లాడలేదు. తగాదా పెట్టుకుంటే అందుకే నేను ఏడుస్తున్నానని అనుకుంటారు.

నేను అడిగింది ఒకటే. జనవరి ఒకటిన ఆయన ముందు కూర్చుని, "ఇద్దరమే పోదామన్నరు గద, తారీకు చెప్పున్రి" అన్నాను. చలి తగ్గనీయమన్నాడు. ఫిబ్రవరి ఒకటిన అడిగితే బొంరాస్‌పేటలో పెండ్లి ఉంది, దోమలో పెండ్లి ఉంది. మార్చిలో ఎండ. జూన్‌లో వాన పడుతుందేమోనని, జూలైలో వాన పడుతోందని. ఆగస్టులో క్యారియర్ విప్పించి సీటు బిగించాడు. నేను ఆశపడ్డాను, ఒప్పుకోవాలి. "ఆదివారం అనంతగిరి పోదాం పా, నీ ముచ్చట తీరుతది" అన్నాడు.

"అనంతగిరి నలభై. నేను అడిగింది తొమ్మిది వందల ఎనభై అయిదు."

"గంత లెక్క వెడితే ఎట్ల?"

"బీదర్ దాంకనన్న పోదాం. నూట ముప్పై అయిదే."

"చూద్దాం" అన్నాడు. నేను అనంతగిరికి వెళ్ళలేదు. ఆ నలభై ఎక్కి కూర్చుంటే నన్ను తీసుకుపోయినట్టు అయిపోతుంది. మిగిలిన దారి ఇక ఎవరూ అడగరు.

సెప్టెంబరులో ఆయనకు నడుములో డిస్కు జారింది. వికారాబాదు డాక్టరు మోటార్ సైకిల్ ముట్టుకోవద్దన్నాడు. ఆ మాట విన్నప్పుడు నేను డాక్టరు వైపు చూడలేదు, ఆయన ముఖం చూశాను. అందులో బాధ ఉంది. దానికంటే ఎక్కువ, ఇక తారీకు చెప్పనక్కర్లేదన్న నెమ్మది ఉంది. యాభై ఏళ్ళు చూసిన ముఖం, నేను పొరపాటు పడను.

దీపావళికి ముందు బండి అమ్మేశాడు. కొన్నవాళ్ళు, భార్యాభర్తలు, చూడటానికి వచ్చి మా వరండాలో కూర్చున్నారు. ఆమెకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. నేను చాయ్ తెచ్చేసరికి ఆయన వాళ్ళతో చెప్తున్నాడు: "మేమిద్దరం దీని మీద హంపి దాంక పోదామనుకున్నం. నా నడుం సహకరించలే."

చాయ్ గ్లాసులు ముగ్గురి చేతికీ ఇచ్చాను.

"ఇద్దరం అనుకోలే" అన్నాను. "నేనొక్కదాన్నే అనుకున్న."

వాళ్ళిద్దరూ నవ్వారు, ఆలుమగల పరాచికం అనుకుని. ఆయన చాయ్ తాగడం మొదలుపెట్టాడు, తల ఎత్తలేదు.