మీటరయ్యా, గ్లాసుడు ఐసునీళ్లూ

మా వీధిలో ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన మీటరయ్యే. చొక్కా జేబులో పసుపు రంగు మీటరు, దాని ఎరుపు నలుపు తీగలు, చల్లదనం కొలిచే ఇంకో తీగ. ఆ తీగలన్నీ మెడ చుట్టూ వేసుకుని డాక్టరులా తిరుగుతాడు. "మనిషి అబద్ధమాడతాడు అక్కయ్యా, మీటరు ఆడదు" అంటాడు. ఆ మాట చెప్పేది మనిషే కదా అని నేననలేదు. తలుపు రబ్బరు వేయించుకోవాల్సిన పని ఉండింది నాకు.

పనిలో మాత్రం వంక పెట్టలేం. ముప్పై ఏళ్ల చెయ్యి. కంప్రెసరు మూలుగు వింటే జబ్బు చెప్పేస్తాడు. ఆయన ముందుగదిలో గోడ వారగా నల్లకుండల్లా కంప్రెసర్లు, మేకులకి వేలాడే రబ్బర్లు, ఊడదీసిన తలుపులు. ఒక కంప్రెసరుకి ఆనించి ఫోను. అందులో పొద్దున లేచింది మొదలు నల్లకళ్లద్దాల మనిషొకడు 'మీకు తెలియనివ్వని నిజం' చెబుతుంటాడు. లోకమంతటికీ తెలియనివ్వనిది మా మీటరయ్యకి మాత్రం రోజుకి నాలుగుసార్లు ఎలా తెలుస్తోందని అడిగాను.

"వాళ్లు తీసేసేలోపు చూసేయాలి అక్కయ్యా."

రెండేళ్లయింది. ఇంకా ఎవరూ తీయలేదు.

పిల్లలకి వేసే టీకాల మీద ఆయనది సొంత సిద్ధాంతం. ఫోనులో విన్నదానికి తన పనితనం కూడా కలిపి వండాడు. "ఆ మందు రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్యనే ఉంచుతారు, ఎందుకని? ఫ్రీజర్లో పెడితే ఏదైనా ఇంకా ఎక్కువకాలం నిలవుంటుంది. దీన్ని మాత్రం గడ్డకట్టనివ్వరు. గడ్డకడితే చచ్చేదేదో అందులో ఉంది. ప్రాణమున్న యంత్రం."

"యంత్రానికి ప్రాణమేమిటయ్యా?"

"అదే కదా రహస్యం."

"కోడిగుడ్డు ఫ్రీజర్లో పెట్టినా పగిలి చస్తుంది. అందులోనూ యంత్రముందా?"

"నీకు సైన్సు తెలీదు అక్కయ్యా" అన్నాడు జాలిగా. నేను చదివింది ఐదో తరగతి, ఆయన ఎనిమిది. ఆ మూడు క్లాసుల్లోనే ఉన్నట్టుంది సైన్సంతా.

తమాషా ఏమిటంటే ఆయన కుక్కకి మాత్రం ఏటేటా సూదులన్నీ పడతాయి. దాని కార్డు నలగకుండా ప్లాస్టిక్ కవరులో దాచాడు. ఇదేమిటయ్యా అంటే, "కుక్కల మీద కుట్ర చేసి ఎవడేం బావుకుంటాడు?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాణ్ణి చూశాను గానీ, ఎదురింటి కుందేలు కాలు కూడా విరగ్గొట్టొచ్చే రకాన్ని ఈయన్నే చూశాను.

ఎదురిల్లంటే దర్జీ అమ్మాయిది. పాపం, ఈయన మాట నమ్మి నాలుగేళ్ల కూతురికి తట్టు సూది వేయించలేదు. పోయిన నెల ఆ పిల్లకి ఒళ్లంతా తట్టు పోసి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. చెవిలో చీము పట్టి ఇప్పుడు ఎడమవైపు సరిగా వినపడటం లేదు. తల్లి మిషను ఆపి రెండుసార్లు పిలిస్తే గానీ తిరిగి చూడదు. దీనికి మీటరయ్య సమాధానం: "ఆ తట్టు కూడా వాళ్లే వదిలారు."

ఆయనింట్లో మనవరాలుంది. పది నెలలది. అల్లుడు ఓడల మీద పనిచేస్తాడు, అందుకని కూతురూ పిల్లా ఇక్కడే. తొమ్మిదో నెలలో వేయించాల్సిన సూది ఈయన వేయించనివ్వలేదు. ఎదురింట్లో తట్టు వచ్చినప్పటినుంచీ కూతురికి నిద్ర లేదు.

"నువ్వే తీసుకెళ్లి వేయించెయ్యవే" అన్నాను.

"ఎలా పెద్దమ్మా? పిల్లని చంకలోంచి దించడు. చీమ కుట్టినా భూతద్దం పెట్టి చూస్తాడు. సూది గుర్తు కనపడదా? ఆ మీదట పిల్ల తుమ్మినా దగ్గినా ఆ సూది వల్లేనని వీధంతా చాటుతాడు. అప్పుడు వేయించుకునేవాళ్లు కూడా మానేస్తారు."

నిజమే. ప్రేమ లేక కాదు. ఉన్న ప్రేమంతా తీసుకెళ్లి నల్లకళ్లద్దాలవాడి చేతిలో పెట్టాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. వీధి చివర చిన్నాసుపత్రిలో నెలకోసారి బీపీ మాత్రలిస్తారు. అవి తీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. నేను గంటన్నర కూర్చుంటాను, వీధిలో ఎవరికేమయిందో ఆ బెంచీ మీద తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. ఆ రోజు పదింటికి టీకాల ఫ్రిజ్ ఆగిపోయింది. నర్సమ్మ సీసాలన్నీ ఐసుపెట్టెలోకి మార్చి ఫోను మీద ఫోను చేస్తోంది.

"కంపెనీ మనిషి ఎల్లుండి గానీ రాడట మామ్మగారూ. ఈ పెట్టె రేపు పొద్దుటిదాకా ఆగుతుంది. తర్వాత అన్నీ పారేయడమే."

"మీటరయ్యని పిలవరాదూ?"

"నన్ను వీధిలో విషమమ్మేదానివన్నాడు ఆయన."

"విషమే గానీ, చెడిపోయిన ఫ్రిజ్ చూస్తే ఆగలేడు. ఉండు."

వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కటే మాటన్నాను. "చిన్నాసుపత్రిలో ఫ్రిజ్ ఆగిందయ్యా. నీవల్ల కాదని కంపెనీవాణ్ణి పిలిపిస్తున్నారు." మనవరాల్ని కూతురి చేతికిచ్చి, నాకంటే ముందు వీధి మలుపు తిరిగాడు.

వచ్చి చెవి ఆనించాడు, వాసన చూశాడు, స్టెబిలైజరు విప్పాడు. లోపల ఒక ముక్క మాడి నల్లగా ఉంది. ఇంటికెళ్లి అలాంటిదే తెచ్చి బిగించాడు. గంటలో ఫ్రిజ్ మూలగడం మొదలెట్టింది. మధ్యాహ్నం మూడుదాకా కదలకుండా దాని పక్కనే కూర్చున్నాడు, పురిటిమంచం దగ్గర కూర్చున్నట్టు. నర్సమ్మ టీ ఇస్తే ముందు వాసన చూసి తాగాడు.

మూడింటికి ఫ్రిజ్‌లో ఆసుపత్రివాళ్ల థర్మామీటరు ఐదు చూపించింది. నర్సమ్మ పుస్తకంలో రాసుకుంది. పూటకోసారి రాస్తారట, ఆరేళ్ల పుస్తకాలున్నాయి బీరువాలో. అప్పుడు మీటరయ్య తన తీగ లోపల పెట్టాడు. ఏడు.

లేచి నిలబడ్డాడు. బెంచీ మీద మేం ఏడుగురం. అందరికీ వినపడేలా అన్నాడు. "చూశారా? ఐదని రాసుకుంటారు, ఉన్నది ఏడు. ఆరేళ్లుగా రెండు డిగ్రీలు అబద్ధం. ఇంత చిన్న లెక్కలోనే మోసముంటే ఆ సీసాలో ఏముందో ఎవడికి తెలుసు?"

నర్సమ్మ లోపలికెళ్లి గాజుగ్లాసులో చితక్కొట్టిన ఐసు వేసి, కాసిని నీళ్లు పోసి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కరిగే ఐసు ఎంత చూపించాలండీ బాబాయ్‌గారూ?"

"సున్నా. అదీ తెలీదా?"

"మీది పెట్టండి మరి."

పెట్టాడు. రెండు. తీగ చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాడు. రెండు. "గ్లాసు మార్చు" అన్నాడు. స్టీలు గ్లాసు వచ్చింది. రెండు. "ఐసు మార్చు." అదీ మార్చింది. రెండే. అప్పుడు ఆసుపత్రి థర్మామీటరు పెట్టింది. సున్నా దగ్గర బుద్ధిగా కూర్చుంది.

ఐసునీళ్లకి ఏ పార్టీ లేదు. వాటికి ఎవరూ వీడియో పంపలేదు.

 నాకు అప్పుడే ఒకటి తట్టింది. రెండేళ్ల కింద ఈయన ఈ మీటరు చూసే మా ఫ్రిజ్ సరిచేసినప్పటినుంచీ ఆకుకూర గడ్డకడుతోంది, టమాటాలు గిన్నెలో వేస్తే గోళీల్లా మోగుతున్నాయి. అడిగినప్పుడల్లా, "కంపెనీవాళ్లు కావాలనే అలా చేస్తారు అక్కయ్యా, కొత్తది కొనాలని" అన్నాడు.

"ఏమయ్యా, అయితే నా టమాటాల మీద కుట్ర చేసింది నువ్వా?"

ఆయన మీటరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తీగలు మెళ్లో వేసుకోవడం మర్చిపోయాడు, నేల మీద ఈడుస్తూ వెళ్లాడు.

ఆ సాయంత్రం ముందుగదిలో ఫోను మోగలేదని కూతురు చెప్పింది. గ్లాసులు వరసగా పెట్టుకుని ఐసు కరిగేదాకా చూస్తూ కూర్చున్నాడట. పొద్దున్నే, "పిల్లకి గౌను తొడుగు" అన్నాడట, ఎక్కడికో చెప్పకుండా.

తొమ్మిదింటికి మనవరాల్ని ఎత్తుకుని వచ్చాడు. తప్పయిందన్నాడా? ఆ మాట ఆయన నోట్లో పుట్టలేదు. "నేను బాగుచేసిన ఫ్రిజ్ కాబట్టి వేయిస్తున్నా. ఇంకోచోటయితే ఒప్పుకోను" అన్నాడు గట్టిగా. నర్సమ్మ సూది వేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చి, తాత జేబులో మీటరు దొరకగానే మానేసింది. కూతురు మాత్రం గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

బయటికి వస్తుంటే దర్జీ అమ్మాయి ఎదురుపడింది, కూతురి చెవి చూపించడానికి.

"వేయించారా బాబాయ్?"

"ఆ... ఫ్రిజ్ నేనే చేశాను కదా అని."

"మా పిల్లప్పుడు కూడా ఇదే ఫ్రిజ్ కదా" అంది. అని పిల్లని పిలిచింది. ఒకసారి. రెండోసారి.

రెండోసారి పిలుపు విన్నాక మీటరయ్య ఇంటికి వెళ్లలేదు. తను సరిచేసిన ఫ్రిజ్‌లన్నీ మళ్లీ సరిచేస్తానని ఇల్లిల్లూ ఎక్కడం మొదలెట్టాడు. ఊరుకోవడం నాకు చేతకాదు కాబట్టి వెనకాలే వెళ్లాను. పసిపిల్లలున్న ఇళ్లు మూడు. మొదటి ఇంట్లో చల్లదనం సరిచేసే మర తిప్పుతున్నాడు.

"ఫ్రిజ్ సరే, ఈ ఇంట్లో నువ్వు చెప్పిన మాట ఎవరు తిప్పుతారయ్యా?" అన్నాను.

ఫ్రిజ్ లోపల తలపెట్టే అన్నాడు. "ఆసుపత్రి తొమ్మిదింటికి తెరుస్తారమ్మా." అనుమానమేమో వీధికంతా వినపడేలా చాటాడు, దిద్దుబాటు టమాటాలకి చెప్పాడు. అయినా వాళ్లకి వినపడింది. రెండో ఇంట్లో తల బయటపెట్టి చెప్పాడు.

మూడో ఇంటావిడ తలుపు సగమే తీసింది. వెనక మూడేళ్ల పిల్ల కొంగు పట్టుకుని నిలబడింది.

"వద్దు బాబాయ్‌గారూ. మీరు పంపిన వీడియోలన్నీ చూశాను కదా. నిన్న ఆసుపత్రిలో అంతసేపు కూర్చోబెట్టి టీ ఇచ్చారంట. మిమ్మల్నీ కలిపేసుకున్నారు."

"నన్నా? నన్ను కలుపుకుని ఎవరేం బావుకుంటారమ్మా?"

"అదే కదా రహస్యం" అని తలుపేసింది.

మీటరయ్య జేబులోంచి మీటరు తీశాడు. తర్వాత నావైపు తిరిగి, "అక్కయ్యా, మీ ఇంట్లో ఐసుందా?" అన్నాడు.