ఉపగ్రహ చిత్రంలో కనిపించని కొట్టం

మూడేళ్ల క్రితం ఒక సాయంత్రం, మా అమ్మాయి సింధు తాను పెళ్లాడదలచిన యువకుణ్ణి సింగపూర్‌లో మేముండే యీషున్‌లోని మా ఫ్లాట్‌కు తీసుకువచ్చింది. అతనిది అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఒక పల్లె. సంబంధమంటే ముందు ఊరూ ఇల్లూ విచారించడం మా కర్నూలు వైపు ఆనవాయితీ. పైగా నేను ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి; ఆధారం లేని మాటను అంగీకరించను.

తన ముత్తాత కట్టిన గుండ్రటి పశువుల కొట్టమే ఆ ఊరికి గుర్తని, ఇప్పటికీ ఎవరికైనా దారి దాన్నిబట్టే చెబుతారని అతను గర్వంగా చెప్పాడు. నేను వెంటనే ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, అతని చేతనే ఆ చోటు వెతికించాను. అక్కడ మొక్కజొన్న చేను తప్ప ఏమీ లేదు.

"కొట్టమేది బాబూ?" అన్నాను.

"నాన్నా, ఇంటర్వ్యూ చాలు లా, ప్లీజ్!" అంది సింధు, ఇక్కడి సింగపూర్ యాసలో.

అతను పాలిపోయి, అక్కడికక్కడే తల్లికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఆమె మాట మాకందరికీ వినిపించింది.

"పోయిన వేసవిలో గాలివానకు కూలిపోయింది నాయనా. అంత దూరాన ఉన్నావు, బాధపడతావని చెప్పలేదు."

అతను మా సోఫాలో కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"అబద్ధం దొరికిందా మీకు?" అని మా ఆవిడ నన్ను తెలుగులో అడిగింది.

కూలిన కొట్టం కోసం అంతగా ఏడ్చినవాడు మా అమ్మాయిని ఏడిపించడని భావించి, పెళ్లికి ఒప్పుకున్నాను. అది పరికల్పన మాత్రమే. మూడేళ్లుగా పరిశీలిస్తున్నాను; ఇంతవరకు తప్పని తేలలేదు.