పక్క గదిలో నీళ్ల చప్పుడు

నేను దయ్యాలను నమ్మను. హిందీ మాట్లాడే ఊళ్లో, ఖుర్సీపార్‌లో స్కూలు టీచర్‌ని. దయ్యాన్ని చూశానన్న పిల్లాణ్ణి, ఎక్కడ చూశావో నన్ను తీసుకెళ్లి చూపించమనేదాన్ని. ఒక్కడూ చూపించలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. మూడో కాన్పు తర్వాత నాకు దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం పడిపోయేది. సిగ్గు విడిచి రాస్తున్నాను. చర్చిలో అందరూ పాట ఎత్తుకుంటే నేను పెదవులు మాత్రం కదిపేదాన్ని. నాలుగేళ్లు మా ఆయనకు కూడా చెప్పలేదు. ఓ రోజు బోర్డు మీద రాస్తూ తుమ్మాను. వెనక నుంచి పిల్లలు నవ్వారు. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

మూత్రసంచి జారింది, కుట్లు వేసి పైకి నిలబెడతాం అందావిడ. ఆపరేషన్ బాగానే అయింది. ఐదో రోజు పొద్దున మూత్రానికి పెట్టిన గొట్టం తీశారు. సాయంత్రంలోగా నా అంతట నేను మూత్రం పోయాలి, లేకపోతే మళ్లీ గొట్టం. మధ్యాహ్నం రెండైంది. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది, చుక్క రాలేదు. ఇక జన్మంతా గొట్టంతోనే బతకాలేమోనని ఏడుపొచ్చింది.

మూడోసారి బాత్రూంలో కూర్చున్నాను. అడ్డగోడ అవతల ఎవరో చెంబుతో బకెట్లోకి నీళ్లు పోస్తున్నారు, నెమ్మదిగా, ధారగా.

"ముక్కకే పిల్లా. ముందుకి వొంగి కూకో. నీళ్ల సప్పుడు ఇను, అదే వొస్తాది."

అది మా అత్తగారి గొంతు. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు.

భయపడే తీరిక కూడా లేదు నాకు. వంగాను. వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఏడుస్తూనే "ఎవరమ్మా?" అన్నాను.

"నాను సిగ్గుపడి ఎవులికీ సెప్పుకోనేదు. నువ్వు సెప్పుకున్నావు, మంచి పని సేసినావు" అంది. నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

బయటికొస్తే పక్క గది తలుపుకు తాళం ఉంది. ఆయాను అడిగితే "వో తో బంద్ హై దీదీ" అంది, అది ఎప్పుడూ మూసే ఉంటుందట. బతిమాలి తెరిపించాను. లోపల విరిగిన మంచాలు, నేల నిండా దుమ్ము, తడి లేదు. కుళాయిలో నీళ్లు నాలుగింటికి గానీ రావు.

ఆదివారం మా ఆడపడుచు చూడ్డానికొస్తే ఆమెకు చెప్పాను.

"అమ్మకీ అదే జబ్బు వొదినా. నీకు తెల్దేటి?"

నాకు తెలీదు. ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడ తన చీరలు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు, నేను లేవకముందే ఉతికి ఆరేసేది. నా చేతి ఉతుకు ఆనదు కాబోలని మనసులో పెట్టుకుని, ముభావంగా ఉండేదాన్ని. ఆవిడ ఆఖరి రెండేళ్లు నా బట్టలు నేనూ అలాగే దాచి ఉతుక్కున్నాను.

మందుల మత్తు అన్నారు మా ఆయన. కావచ్చు. కానీ ఆవిడ జబ్బు సంగతి అప్పటికి నాకెవరూ చెప్పలేదు కదా. ఈ ముడి నాకు ఇప్పటికీ విడలేదు. ఆవిడ ఉన్నప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే, డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం.