బేగం గారి కడుపునొప్పి

మేడ్చల్‌లో బాటసారుల కోసం నవాబుల కాలంలో కట్టిన ముసాఫిర్‌ఖానా ఒకటుంది. ఇప్పుడది ఇల్లూ వాకిలీ లేనివాళ్లు తలదాచుకునే హాస్టలు. నేను దానికి వార్డెన్ని. ముప్పై మంది ఉండేవాళ్లు. అందరిలోకీ గట్టి నోరు ఒక అవ్వది. శామీర్‌పేట చెరువు దగ్గర చేపలమ్మి బతికిన మనిషి. వానలకు గుడిసె కూలిపోతే మా దగ్గరికొచ్చింది.

వచ్చిన రోజే నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా ఈడ వాచ్‌మన్‌వి?" అంది.

"వార్డెన్ని అవ్వా."

"గదే గదా!"

ఆ ఏడే భవనం పాతబడిందనీ, కూల్చేస్తామనీ కాగితం వచ్చింది. మా వాళ్లను గాజులరామారంలో ఏదో రేకుల షెడ్డుకు పంపుతారట. నేను అర్జీలు రాశాను. జవాబు లేదు.

ఒక ఆదివారం పొద్దున పాత కట్టడాలు చూసే సరదా ఉన్నవాళ్లు పదిమంది టోపీలు, కెమెరాలతో దిగారు. చరిత్ర చెప్పమని నన్నడిగారు. నాకు తెలిసిందల్లా ఏ కుళాయిలో నీళ్లు రావో అంతే. నేను నీళ్లు నములుతుంటే అవ్వ ముందుకొచ్చి, ఫినాయిల్ డబ్బాలు పెట్టుకునే గది చూపించింది.

"గీ అర్రల బేగం సాబ మూడొద్దులు పండింది. ఒకటే కడుపునొప్పి. హకీములతోని కాలే. మా అవ్వకు అవ్వ కొర్రమీను పులుసు వెట్టింది. తిన్నది, లేశి కూసున్నది!"

వాళ్లు ఆ గదిని నాలుగు వైపులా ఫొటోలు తీశారు. ఒకాయన గుమ్మానికి దండం కూడా పెట్టాడు.

వాళ్లు వెళ్లాక మండిపడ్డాను. "గిన్ని అబద్ధాలేందవ్వా?"

"ముప్పై మందిమి ఈడ పండుకుంటున్నమని చెప్తే ఒక్కడన్న ఫొటో తీస్తడా?"



వారం తిరిగేసరికి బేగం గారి కడుపునొప్పి పేపర్లో వచ్చింది. అధికారి ఒకాయన జీపులో వచ్చి, ఇది నిజమో కాదో వార్డెన్‌గా రాసిమ్మన్నాడు. అవ్వ అరుగు మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటోంది. నా వైపు చూడను కూడా లేదు.

"తరతరాలుగా చెప్పుకుంటున్న మాట," అని రాసి సంతకం పెట్టాను.

చారిత్రక కట్టడమని కూల్చివేత ఆగింది. మా వాళ్లెవరూ షెడ్డుకు పోలేదు. సంతోషం పట్టలేక అవ్వకు చెప్పాను. ఆమె మాత్రం, "పులుసుల చింతపండు ఎంత ఏశిందో గూడ రాయకపోతివి" అని నన్నే తప్పుపట్టింది.